పౌలుగారు కూడా నేర్చుకున్నారా?

పాఠకుల ప్రశ్నలు – అమ్మగారి జవాబులు

ప్రశ్న: అమ్మగారికి వందనాలు. నాకు 41 ఏళ్లు. పంతొమ్మిదో ఏట యువజన కూటాల్లో ప్రభువును అంగీకరించి బాప్తిస్మం తీసుకున్నాను. ఆ రోజుల్లో నా కాళ్లు నేల మీద ఆనేవి కావు. వంట చేస్తూ పాడేదాన్ని, బస్సులో కిటికీ పక్కన కూర్చుని పాడేదాన్ని. మావారి బట్టల వ్యాపారం దెబ్బతిని మూడేళ్లయింది. అప్పులున్నాయి, పిల్లలిద్దరి ఫీజులున్నాయి. రాత్రి రెండు గంటలకు మెలకువ వస్తే మళ్లీ నిద్ర పట్టదు. ప్రార్థన మానలేదు, బైబిలు చదవడం మానలేదు. కానీ లోపల ఏమీ లేదు, ఎండిపోయిన చెరువులా ఉంది. స్త్రీల సమాజంలో సాక్ష్యం చెప్పమంటే నవ్వు తెచ్చుకుని ‘ప్రభువు నన్ను సంతోషంగా ఉంచాడు’ అని చెప్పి కూర్చుంటున్నాను. ఇంటికి వచ్చాక అబద్ధం చెప్పానని ఏడుస్తున్నాను. మొన్న ఒక ప్రసంగీకుడు, ముఖంలో సంతోషం కనిపించని విశ్వాసి రక్షణను అనుమానించాల్సిందే అన్నారు. నాది నిజమైన రక్షణేనా? 
– ఒక సోదరి, తెనాలి

జవాబు: అమ్మా, ‘ఇంటికి వచ్చాక అబద్ధం చెప్పానని ఏడుస్తున్నాను’ అన్న మీ వాక్యం దగ్గర చాలాసేపు ఆగిపోయాను. దేవుడు అక్కరలేని మనిషి, దేవుడి గురించి చెప్పిన అబద్ధానికి ఏడవదు. మీ ప్రశ్నకు జవాబు సగం ఆ ఏడుపులోనే ఉంది.

ఆ ప్రసంగీకుడు చెప్పింది తప్పు. ఆయన ఎవరో నాకు తెలియదు, ఎవరైనా సరే ఈ మాట తప్పే. మా ప్రాంతం సంగతి ఒకటి చెబుతాను. 1876 నుంచి 1878 దాకా వచ్చిన కరువు ఒంగోలు పల్లెలను తుడిచిపెట్టింది. బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొంత భాగాన్ని అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ దొరగారు గుత్తకు తీసుకుని, ఆకలితో ఉన్నవాళ్లకు పని ఇచ్చారు. కూలి కోసం, గింజల కోసం క్రైస్తవులయ్యారన్న మాట రాకూడదని ఆ పనులు సాగినన్నాళ్లూ బాప్తిస్మాలు ఆపేశారు. అవి ముగిశాక 1878 జూలై 3న గుండ్లకమ్మ నదిలో ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. మా నాయనమ్మకు నాయనమ్మ ఆ నీళ్లలో దిగిందని మా ఇంట్లో చెప్పుకుంటారు. కరువులో ఇద్దరు బిడ్డలను మట్టిలో పెట్టి, మిగిలిన ఒక్కదాన్ని చంకన వేసుకుని దిగిందట. ఆ రోజు నది ఒడ్డున నిలబడిన వాళ్ల ముఖాలను ఆ ప్రసంగీకుడి కొలతతో కొలిస్తే ఎంతమంది మిగిలి ఉండేవారు? మా నాయనమ్మకు నాయనమ్మ మిగిలేది కాదు. అప్పుడు నేనూ ఉండేదాన్ని కాదు.

బైబిలు అలా కొలవదు. 88వ కీర్తన తీసి చివరి మాట చూడండి: ‘చీకటియే నాకు బంధువర్గమాయెను’. అంతే, అక్కడితో కీర్తన అయిపోయింది. దాని తరువాత సంతోషపు వచనం ఒక్కటి కూడా అతికించలేదు. ఆ కీర్తనను పారేయకుండా ఇన్ని వేల ఏళ్లు దాచుకున్న దేవుని ప్రజల్లో మీకు చోటు లేదని ఎవరు చెప్పగలరు?

ఇంకొకటి చూడండి. యోహాను 15:11లో ప్రభువు ‘మీయందు నా సంతోషము ఉండవలెననియు, మీ సంతోషము పరిపూర్ణము కావలెననియు’ అన్న మాట, ఆయన అప్పగించబడిన రాత్రి భోజనం తరువాత చెప్పింది. అదే రాత్రి గెత్సేమనేలో ‘మరణమగునంతగా నా ప్రాణము బహు దుఃఖములో మునిగియున్నది’ అన్నాడు. రెండు మాటల మధ్య కొన్ని గంటలే. ‘నా సంతోషము’ అని ఆయన దేన్ని పిలిచాడో అది గెత్సేమనేకి కూడా వెళ్లింది. వెళ్లి, నేల మీద సాగిలపడి, రక్తపు బొట్ల వంటి చెమట కార్చింది. మనకు వాగ్దానం చేసింది ఆ సంతోషాన్నే. ఎప్పుడూ నవ్వుతూ ఉండే ముఖాన్ని ఆయన ఎక్కడా వాగ్దానం చేయలేదు.

ఇక నా సంగతి. ఈ శీర్షికలో నా ఇంటి విషయాలు రాయడం తక్కువ. కానీ మీ ఉత్తరానికి వేరే జవాబు నా దగ్గర లేదు.

మావారు పాస్టరుగా ప్రకాశం జిల్లాలో ఒకే సంఘంలో ఇరవై ఆరేళ్లు సేవ చేశారు. ఒక ఆగస్టు నెలలో, ఆదివారం ఆరాధన ముగించి వచ్చి, చొక్కా కూడా విప్పకుండా మంచం మీద ఒరిగారు. మళ్లీ లేవలేదు. ఆ సంఘంలో హార్మోనియం వాయించేది నేనే. సమాధి కార్యక్రమం రోజు కూడా వాయించాను. ఆ తరువాత పాట పోయింది. వేళ్లు మెట్ల మీద నడిచేవి, పెదవులు కదిలేవి, గొంతులోంచి శబ్దం వచ్చేది కాదు. స్త్రీలు వచ్చి ‘అమ్మగారు ఎంత ధైర్యంగా ఉన్నారో’ అంటుంటే తల ఊపేదాన్ని. మీరు చెప్పిన అబద్ధం నేను ఆరు నెలలు చెప్పాను, అది కూడా హార్మోనియం ముందు కూర్చుని.

ఫిబ్రవరి వచ్చింది, మిరపకాయ కోతలు. మా సంఘంలో కోతలకు వెళ్లే ఒక అవ్వ ఉండేది. ముప్పయ్యో ఏట భర్త పోయాడు, చేతికి అందివచ్చిన కొడుకు పాము కరిచి పోయాడు. చదువు రాదు. ఒక సాయంత్రం పొలం నుంచి నేరుగా మా అరుగు మీదికి వచ్చి, ‘అయ్యగారు ఉన్నప్పుడు రోజూ ఒక అధ్యాయం వినిపించేవారు. ఆరు నెలల నుంచి నాకు వాక్యం లేదు, మీరు చదవండి’ అంది. నాకు చదవాలని లేదు. ఆమె చేతులు చూసి లోపలికి వెళ్లి మజ్జిగ తెచ్చాను.

రోజంతా పండు మిరపకాయలు కోసిన చేతులను మీరు దగ్గరగా చూశారో లేదో. గోళ్ల కింద ఎరుపు ఇంకిపోయి ఉంటుంది. వేళ్ల సందుల్లో చర్మం పొక్కి తెల్లగా లేస్తుంది. సత్తు గిన్నెలో పుల్ల మజ్జిగ పోసి ఇస్తే, మణికట్టు దాకా రెండు చేతులూ ముంచి, కళ్లు మూసుకుని ఊపిరి వదిలేది. ఆ చేతులతో కళ్లు తుడుచుకోకూడదు, మంట పుడుతుంది. అందుకని వింటూ వింటూ కన్నీళ్లు వస్తే తల వంచి భుజానికి రాసుకునేది.

అపొస్తలుడైన పౌలు ఫిలిప్పీయులకు రాసిన పత్రిక మొదలుపెట్టాను. చిన్నది, నాలుగే అధ్యాయాలు, తొందరగా అయిపోతుందని అదే ఎంచుకున్నాను. ఉన్నమాట చెబుతున్నాను. నాలుగో సాయంత్రం నాలుగో అధ్యాయంలో ‘నేనేస్థితిలో ఉన్నను ఆ స్థితిలో సంతృప్తి కలిగియుండ నేర్చుకొని యున్నాను’ అని చదివి ముందుకు పోతున్నాను.

‘అమ్మగారూ, ఆగండి’ అంది. ‘నేర్చుకున్నాను అన్నారా? పౌలుగారు కూడా నేర్చుకున్నారా? దమస్కు దారిలో వెలుగు కనబడినప్పుడే ఆయనకు అన్నీ వచ్చేశాయనుకున్నానే!’

నేను ఆ వచనాన్ని సండే స్కూల్ పిల్లలకు కంఠతా పెట్టించినదాన్ని. ఎప్పుడూ ‘సంతృప్తి’ అన్న మాట దగ్గరే ఆగాను. ఆ వాక్యం చివర ఉన్న క్రియ నా కంటికి ఆనలేదు. అక్షరం రాని మనిషి ఒక్కసారి విని పట్టుకుంది. మజ్జిగలో వేళ్లు మెల్లగా ఆడిస్తూ, ‘అయితే నాకూ టైము ఉంది’ అంది.

నాకూ ఉందని ఆ రోజు అనిపించింది. సంతోషం వచ్చిందని చెప్పను. టైము ఉందని మాత్రం అనిపించింది.

పౌలు ఎక్కడ నేర్చుకున్నాడు? ఆ పత్రిక అందుకున్న ఊళ్లోనే ఒక పాఠం నేర్చుకున్నాడు. ఫిలిప్పీ మాసిదోనియలో రోమా వలస పట్టణం. దాని శిథిలాలు ఇప్పటికీ ఉత్తర గ్రీసులో ఉన్నాయి, 2016లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చారు. అపొస్తలుల కార్యములు 16వ అధ్యాయం చూడండి. విచారణ లేకుండా బట్టలు లాగేసి బెత్తాలతో కొట్టారు, లోపలి చెరసాలలోకి తోసి కాళ్లకు బొండ వేశారు. మధ్యరాత్రి పౌలు, సీల పాడుతుంటే ఖైదీలు వింటున్నారు. కొట్టిన వీపులు ఆరకముందే పాట. అది చదివి మనం, పౌలు ఎప్పుడూ అలాగే ఉండేవాడనుకుంటాం. కానీ అదే ఊరికి ఏళ్ల తరువాత, మళ్లీ బంధకాల్లో ఉండి రాసిన పత్రికలో ఏముంది? సంతోషం, ఆనందించుట అన్న మాటలు మూలభాషలో 16 సార్లు వస్తాయి. మరి రెండో అధ్యాయంలో? ఫిలిప్పీ సంఘం తనకు సాయంగా పంపిన ఎపఫ్రొదితు జబ్బుపడి చావు దాకా వెళ్లి బతికాడని చెబుతూ, ‘నాకు దుఃఖముమీద దుఃఖము కలుగకుండుటకై’ దేవుడు కనికరించాడు అంటాడు. మీద అన్నాడంటే కింద ఒకటి అప్పటికే ఉన్నట్టే కదా. ఆ సంతోషపు పత్రిక రాసినవాడు లోపల దుఃఖంతోనే ఉన్నాడు. దాచుకోలేదు.

ఇంకో సంగతి మనం గమనించం. ‘ఎల్లప్పుడును ప్రభువునందు ఆనందించుడి’ అన్న మాటకు రెండు వచనాల ముందు ఏముంది? యువొదియ, సుంటుకే అనే ఇద్దరు స్త్రీలకు పడటం లేదు, ఏకమనస్సుతో ఉండమని ఆయన బతిమాలుకుంటున్నాడు. స్త్రీల సమాజంలో తగవు ఉన్న సంఘానికి వచ్చిన ఆజ్ఞ అది! పైగా ‘ఆనందించుడి’ బహువచనం. ఒక్కరిని పిలిచి, నీ గదిలో తలుపు వేసుకుని నీ సంతోషం నువ్వు పుట్టించుకో అని చెప్పలేదు. మీరందరూ కలిసి, ప్రభువులో, అన్నాడు. మీరు మూడేళ్లుగా ఒంటరిగా ఆ ఆజ్ఞను మోస్తున్నారు. బరువుగా ఉండదూ?

అందుకని ఈసారి సాక్ష్యం చెప్పమన్నప్పుడు నిజం చెప్పండి. ఎక్కువ అక్కర్లేదు. ‘మూడేళ్లుగా మా ఇంట్లో కష్టంగా ఉంది. నాకు సంతోషంగా లేదు. అయినా ప్రభువును విడిచిపెట్టలేదు, ఆయనా నన్ను విడిచిపెట్టలేదని నమ్ముతున్నాను. నా కోసం ప్రార్థించండి’ అనండి. అప్పుల వివరాలు చెప్పవద్దు, అవి ఊరందరికీ కాదు. ఇద్దరు ముగ్గురు ముఖం తిప్పుకుంటారేమో. ఒకామె మాత్రం కూడిక అయ్యాక మీ దగ్గరికి వచ్చి చేయి పట్టుకుంటుంది, ఎందుకంటే ఆమె కూడా మీలాగే నవ్వు తెచ్చుకుంటూ ఉండి ఉంటుంది. మీ సంఘంలో మీకు కావలసిన మనిషి ఆమె. వారానికి ఒకసారి కలిసి ఒక అధ్యాయం చదువుకోండి, ఒకరు పైకి చదవాలి, ఒకరు వినాలి.

రాత్రి రెండు గంటల మెలకువ గురించి. ఏలీయా ప్రవక్త బదరీవృక్షం కింద కూర్చుని, ఇక చాలు, నా ప్రాణం తీసుకో అన్నప్పుడు దేవుడు ఆయనకు ప్రసంగం వినిపించలేదు. దూతను పంపి రొట్టె, నీళ్లు పెట్టించి నిద్రపోనిచ్చాడు. లేపి మళ్లీ తినిపించాడు. మాటలు తరువాత. మీరు ఈ నెలలోనే డాక్టరు దగ్గరికి వెళ్లండి. నిద్ర లేకపోవడం, ఏడుపు, లోపల ఏమీ లేనట్టుండటం మూడేళ్లుగా ఉన్నాయని దాచకుండా చెప్పండి. థైరాయిడ్ పరీక్ష, రక్తం పరీక్ష చేయించమని అడగండి. ఇది మనోవ్యాధి అని చెప్పి మందులు రాస్తే వేసుకోండి. పౌలు తన వెంట ఉన్న లూకాను ‘ప్రియుడైన వైద్యుడు’ అన్నాడు. డాక్టరు దగ్గరికి వెళ్లడం విశ్వాసం తక్కువై కాదు. చచ్చిపోవాలన్న ఆలోచన ఎప్పుడైనా వస్తే, ఆ గంటలోనే మీవారిని లేపి చెప్పండి, తెల్లారేదాకా ఆగవద్దు.

అప్పుల గురించి ఒక్క మాటే. మీవారితో కూర్చుని ఎవరికి ఎంత, వడ్డీ ఎంత అన్నది ఒక కాగితం మీద రాయండి. తెలియని అప్పు తెలిసిన అప్పుకంటే ఎక్కువ భయపెడుతుంది. ఆశీర్వాదం వస్తుందని చెప్పి అప్పు తెచ్చి కానుక వేయమనేవాళ్లు ఈ రోజుల్లో ఎక్కువయ్యారు. వాళ్ల మాట వినవద్దు. విధవరాలు వేసిన రెండు కాసులు ఆమెవే, వడ్డీకి తెచ్చినవి కావు.

చివరికి మీ చెరువు. మేమున్న ఊళ్లో చెరువు ఏప్రిల్ కల్లా ఎండి బీటలు వారేది. దాని గట్టు కింద మా ఇంటి వెనుక ఒక చేదబావి ఉండేది. మే నెలలో సాయంత్రం చేద వేస్తే అడుగున రాయి తగిలి ఖణేల్‌మనేది. నీళ్లు అయిపోయాయనుకుని పడుకునేవాళ్లం. తెల్లవారుజామున నాలుగింటికి లేచి చేద వేస్తే మూడు, నాలుగు చేదలు ఊరి ఉండేవి. బురద లేని చల్లటి నీళ్లు. అన్నం వండటానికి, తాగటానికి సరిపోయేవి. ఊట మాకు కనబడేది కాదు, వినబడేది కాదు. మేము పడుకున్నప్పుడు దాని పని అది చేసుకునేది.

మీ పంతొమ్మిదో ఏట సంతోషం అబద్ధం కాదమ్మా. అది వానాకాలం చెరువు, నిండుగా ఉంది, ఊరంతా చూసింది. ఇప్పుడు మీకు కావలసింది బావి. యెషయా 12:3లో ‘మీరు ఆనందపడి రక్షణాధారములైన బావులలోనుండి నీళ్లు చేదుకొందురు’ అని ఉంది. చేదుకోవాలంటే తాడు పట్టుకుని లాగాలి, అరచేతులు మండుతాయి. కొన్ని పూటలు ఒక్క చేదే వస్తుంది. ప్రార్థన మానలేదు, బైబిలు మానలేదు అని రాశారు చూడండి, ఆ తాడు ఇంకా మీ చేతిలోనే ఉంది.

నేను మళ్లీ ఎప్పుడు పాడానని అడుగుతారేమో. ఆ ఏడు కోతలు అయిపోయాక, ఈస్టరు తెల్లవారుజామున, సమాధుల దొడ్లో. అవ్వ నా పక్కన నిలబడి శ్రుతి లేకుండా గట్టిగా పాడుతోంది. ఆమెను సరిచేయాలని గొంతు విప్పాను. రెండో చరణంలో ఉన్నానని ఆ తరువాత తెలిసింది.

* * *

ప్రశ్న: రిటైరయ్యాను. పెరట్లో మల్లెలు పెంచడం, మనవరాలితో ఆడుకోవడం, ఆదివారం ఆరాధన తరువాత ఇంట్లో కోడికూర తినడం నాకు చాలా సంతోషం. ‘ఇవి లోక సంతోషాలు, నిలవవు, వీటిని విడిచిపెట్టండి’ అని మా ప్రార్థన గుంపులో ఒక సహోదరుడు అంటున్నాడు. 
– ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం

జవాబు: విడిచిపెట్టవద్దండి. ‘నీవు పోయి సంతోషముగా నీ అన్నము తినుము’ అని ప్రసంగి 9:7లో ఉంది. కోత పండుగనాడు మన గుడిలో బలిపీఠం ముందు గుమ్మడికాయలు, అరటి గెలలు, కాళ్లు కట్టిన కోళ్లు పెట్టి స్తోత్రం చెబుతాం కదా, అవన్నీ లోకంలోనివే. మల్లెలు వాడిపోతాయి, మనవరాలు పెద్దదై వెళ్లిపోతుంది, అది మీకు తెలుసు. ఇచ్చినవాడిని మరచిపోయేటంతగా వాటిని పట్టుకుంటే తప్పు. ఈ ఉత్తరంలో మీరు అలా పట్టుకున్నట్టు నాకు కనిపించలేదు. ఆ సహోదరుణ్ని ఒక ఆదివారం భోజనానికి పిలవండి.

* * *

ప్రశ్న: అమ్మగారూ, హైదరాబాదులో ఇంజనీరింగ్ చదువుతున్నాను. ఆదివారం రాత్రి ఆరాధనలో గిటార్లు, డ్రమ్స్ మధ్య ఆకాశంలో ఉన్నట్టుంటుంది. సోమవారం ఉదయానికి అంతా పోతుంది. హాస్టల్ గదిలోకి వస్తే చిరాకు. మా గదిలో అబ్బాయి నాలుగు రోజులుగా జ్వరమని మూలుగుతుంటే చదువుకోలేకపోతున్నాను. సోమవారం కూడా ఆ సంతోషం నిలవాలంటే ఏమి చేయాలి? 
– ఒక విద్యార్థి

జవాబు: బాబూ, పాట మంచిదే. కానీ శరీరం అలసిపోయి, చెవుల్లో హోరు తగ్గినప్పుడు పోయేది చాలావరకు హోరే. దాని గురించి దిగులుపడకు.

ఈ ఆదివారం రాత్రి ఆరాధన మానుకో. ఉదయం ఆరాధనకు మాత్రం వెళ్లు. నాలుగు రోజుల జ్వరమంటే రక్తం పరీక్ష చేయించాలి, ఇది డెంగీ కాలం, ఈ పత్రిక నీకు అందేదాకా ఆగకుండా ఎవరైనా తీసుకెళ్లి ఉంటే మంచిది, లేకపోతే నువ్వు తీసుకెళ్లు. హాస్టల్ వంటాయనను అడిగి జావ కాయించు, ఉప్పు వేసి, పలచగా. అతను తాగేదాకా పక్కన కూర్చో. వాళ్ల అమ్మకు ఫోను చేసి ఇవ్వు. సోమవారం ఉదయం ఎలా ఉందో నాకు రాయి.